మూడో జల్లెడ

పోయిన వారం మనం జల్లెడక్కని తోట గేటు దగ్గర వదిలేసి వచ్చాం. ఆవిడ చేతిలో జల్లెడ, ఎదురుగా చెల్లెలు. ఆ చెల్లెలి భుజాన సంచీ, మొహాన ఏ కబురు మోసుకొచ్చిందో అంతుపట్టని బింకం. కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి, మీకూ గుర్తుంటుందన్న నమ్మకం నాకేం లేదు.

జల్లెడక్కది ఊరి చివర కూరగాయల తోట. ఆ తోటకి ఎరువు ఊళ్లోవాళ్ల వంటిళ్ల చెత్త. తొక్కలు, తొడిమలు, వాడిపోయిన ఆకులు, ఇల్లు ఊడ్చిన దుమ్ము, అన్నీ తోపుడుబండి మీద తెచ్చి, కుప్ప పోసి, మాగబెట్టి, జల్లించి మళ్లలో చల్లడం వాళ్ల నాన్న నాటి నుంచీ వస్తున్న పని. ఆయన్ని ఊరంతా ఎరువాయన అనేది. ఆయన పోయాక జల్లెడ పెద్దకూతురి చేతికొచ్చింది, దాంతోపాటే పేరూ వచ్చింది. ఇన్నాళ్లూ ఆవిడ పాలకూర అంటే జనం ఎగబడి కొనేవాళ్లు. ఉన్నట్టుండి ఊళ్లో పుకారు లేచింది. చెత్త ఎరువుతో పండిన కూరల్లో సీసం ఉంటుందట, కాడ్మియం ఉంటుందట, అవి ఒంట్లో చేరితే ఓ పట్టాన పోవట. కూరగాయల షాపాయన బుట్టలు దింపుకోకుండానే తిప్పి పంపేశాడు. మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే చెల్లెలు వచ్చి, ప్రతి మడి నుంచీ ఇంత మట్టీ ఇన్ని ఆకులూ పట్టుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ, నేను చెప్పేదాకా ఒక్క కట్ట కూడా అమ్మొద్దు అని హుకుం జారీ చేసింది. అదిగో, ఆ చెల్లెలే ఇప్పుడు ఫోనైనా చెయ్యకుండా ఊడిపడింది.

తీరా వచ్చాక నోరు విప్పితేనా. గేటు గొళ్లెం వేసి, సంచీ రేకుల షెడ్డులో మేకుకి తగిలించి, చెప్పులు విడిచి సరాసరి ఎరువు కుప్ప దగ్గరికెళ్లి గొంతుక్కూర్చుంది. జల్లెడక్కా అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని భయం. చేతులు ఊరికే ఉంచలేక జల్లెడ ఆడించడం మొదలుపెట్టింది. షెడ్డు గుమ్మం పక్కన తడిగుడ్డ చుట్టిన పాలకూర కట్ట ఒకటి ఉంది. కూతురు బుజ్జి కోసం పొద్దున్నే కోసిపెట్టిన కట్ట అది. బుజ్జికి ఆరో నెల. నెత్తురు తక్కువగా ఉంది, మాత్రలు మింగు, ఆకుకూరలు బాగా తిను అని మొదట్లోనే డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచీ ఆ పిల్ల రోజూ వచ్చి కట్ట పట్టుకుపోతోంది. చెల్లెలు అమ్మొద్దంది గానీ తినొద్దనలేదు కదా. అమ్మకం ఆగిపోయాక బుజ్జి కట్ట ఇదివరకటికి రెండింతలైంది కూడా.

చెల్లెలు మోచేతి దాకా చెయ్యి కుప్పలో దూర్చింది. "ఇంకా వెచ్చగానే ఉంది," అంది.

అంతే, ఆ ఒక్క మాటతో ఇద్దరూ గౌన్లేసుకున్న పిల్లలైపోయారు. చలికాలం పొద్దున ఈ కుప్ప మీంచి పొగలు పొగలుగా ఆవిరి లేచేది. నాన్న పారతో తిరగేస్తుంటే అక్కాచెల్లెళ్లు పక్కన చేరి అరచేతులు కాచుకునేవాళ్లు. ఒకసారి ఆయనకి ఏం బుద్ధి పుట్టిందో, గుడ్లు గుడ్డలో చుట్టి సాయంత్రం కుప్ప మధ్యలో పాతిపెట్టాడు. మర్నాడు తీస్తే ఉడికాయి. మరీ గట్టిగా కాదు, లోపల పచ్చసొన జారుతూనే ఉంది. అమ్మకి తెలిసి ఒంటికాలి మీద లేచింది. చెత్తకుప్పలో వండిన తిండి తన గడప తొక్కడానికి వీల్లేదని శాసనం చేసింది. సరేలెమ్మని తండ్రీ కూతుళ్లు కంచె పక్కన కూర్చుని ఉప్పు అద్దుకుని తినేశారు. మధ్యాహ్నం అమ్మ అంట్లు తోముతూ, తోముతూ, నాకోటి ఉంచారా అని అడిగింది. ఉంచలేదు. ఆ మాట ఆవిడ చచ్చేదాకా దెప్పుతూనే ఉంది.

నాన్న తోపుడుబండికి పాత సైకిల్ గంట ఉండేది. అది వినబడితే చాలు, వీధి వీధంతా బకెట్లు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేది. బకెట్టు చూసి ఆయన ఇంటి గుట్టు చెప్పేవాడు. తొక్కలు దండిగా ఉంటే చుట్టాలొచ్చారన్నమాట. వండింది వండినట్టే పారబోశారంటే మొగుడూ పెళ్లాం అలిగారన్నమాట. ఎవరి దగ్గరా ఎవరి సంగతీ చెప్పేవాడు కాదనుకోండి, ఇంటికొచ్చాక పిల్లలకి మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చెత్తని ఆయన అసహ్యించుకోవడం ఎవరూ చూడలేదు. గాజుపెంకులు, పిన్నీసులు, మేకులు వేళ్లతో ఏరి ఒక డబ్బాలో వేసేవాడు. మిగతాదంతా మట్టిలోంచి వచ్చిందే, మట్టికే పోతుంది అనేవాడు. ఆరు నెలలు మాగాక చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వాసన చూసి, కళ్లు మూసుకుని ఒకే ఒక్క మాట అనేవాడు. పండింది. ఆ మాట కోసం అక్కాచెల్లెళ్లు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. బళ్లో మార్కులొస్తే కూడా అంత సంబరపడలేదు.

"నాన్న వాసనొస్తోందే," అంది చెల్లెలు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని. జల్లెడక్క జల్లెడ ఆపేసింది. ఇక ఉండబట్టలేక, చంపదలుచుకుంటే చంపెయ్యి గానీ ఇలా నానబెట్టి చంపకే అంది.

అప్పుడు చెప్పింది చెల్లెలు. "కూర అమ్మే మళ్లన్నీ బాగున్నాయక్కా. ఉందంటే ఉంది, కొద్దిగా. హద్దు లోపలే ఉంది. ఆకుల్లోనూ అంతే. రెండుసార్లు చేయించాను."

జల్లెడక్క ఉన్నచోటే మట్టిలో చతికిలబడింది. గుండెల మీంచి కొండ దిగినట్టైంది. ఏడుపొచ్చింది, మరుక్షణం నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. షాపాయన్ని ఆడిపోసుకోవడం మొదలుపెట్టింది. వాడికి సైకిల్ మీద కొత్తిమీర అమ్ముకునే రోజుల నుంచీ కూర పోసింది తను కాదూ. ఎవడో ఏదో అన్నాడని తన బుట్టలు తిప్పి పంపుతాడా. రేపు కాళ్లావేళ్లా పడినా ముందు పక్కవీధి షాపుకే వేస్తుంది, వాడు ఏడ్చి చావాలి. అలా అంటూనే లేచి గబగబా ముల్లంగి మడిలోకెళ్లి లేతవి నాలుగు పీకి, తొట్టిలో కడిగి, తినవే, నువ్వు ముల్లంగి కొరికి ఎన్నాళ్లైంది అని చెల్లెలి చేతిలో పెట్టింది. నాన్న పరువు నిలబడింది, అంతకంటే ఇంకేం కావాలి అంది.

చెల్లెలు ముల్లంగి చేతిలో పట్టుకుని కూర్చుంది, కొరకలేదు. ఇంకోటుందక్కా అంది.

తొట్టి వెనకాల మూల మడి ఒకటి ఉంది చూశారూ, మంచమంత మడి, అందులో పాలకూర ఏపుగా, ఏనుగు చెవులంత ఆకులేసి ఉంటుంది, దాని మాట అది. ఆ మడి మట్టిలో సీసం హద్దు దాటింది. కాడ్మియమూ దాటింది. మామూలుగా దాటడం కాదు. ఆకుల్లోకీ ఎక్కింది. చెల్లెలు నమ్మలేక మళ్లీ మళ్లీ చేయించింది. ఒకే తోట, ఒకే నీళ్లు, ఒకే కుప్ప. పక్క మళ్లన్నీ శుభ్రంగా ఉంటే ఆ ఒక్క మడి అలా ఎందుకుందో ఆవిడకి ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా తెలియలేదు. తెలియక, వచ్చే దారంతా ఆలోచించి, ఒక నిర్ణయానికొచ్చేసింది.

"అక్కా, నిజం చెప్పు. ఆ మడిలో ఏం పోశావు?"

ఏం పోస్తాను, ఎరువు పోశాను అంది జల్లెడక్క. ఎరువు కాదు, ఇంకేదో పోసుంటావు, ఏ రంగుడబ్బాలో కడిగిన నీళ్లో, ఏ బ్యాటరీలు పగలగొట్టిన బూడిదో, గుర్తు తెచ్చుకో అంది చెల్లెలు. మాట కొంచెం దురుసుగా వచ్చింది. అంతటితో ఊరుకున్నా పోయేది. నాన్న ఉంటే ఇలా జరిగేది కాదు, ఆయన పిన్నీసు కూడా పోనిచ్చేవాడు కాదు అనేసింది.

అదిగో, ఆ మాట దిగాల్సిన చోట దిగింది. మీరే చెప్పండి, తండ్రి పోయాక పారా గంపా పట్టుకుని ఒంటరిగా ఇన్నేళ్లు ఈడ్చుకొచ్చిన మనిషిని పట్టుకుని అనాల్సిన మాటేనా అది. జల్లెడక్క మొహం కందగడ్డయింది. నాన్న నాన్న అని నువ్వు చెప్పాలి నాకు, అంది. నాన్నకి నడుం పట్టేసినప్పుడు బండి తోసింది ఎవరు, కాళ్లు కడిగింది ఎవరు. నువ్వు తెల్లకోటేసుకుని అద్దాల గదిలో కూర్చున్నప్పుడు ఈ ఊరి చెత్త చేత్తో ఏరింది ఎవరు. పుస్తకాలు నీ చేతికొచ్చాయి, పార నా చేతికొచ్చింది, నేనేమైనా ఏడ్చానా, అంది. చెల్లెలూ తక్కువ తినలేదు. నీకు నాన్న దొరికాడు, నాకు హాస్టల్ దొరికింది, నేను మాత్రం ఏం బావుకున్నాను అంది. సెలవులకొచ్చినప్పుడు మీరిద్దరూ పక్కపక్కన జల్లించుకుంటుంటే నేను చుట్టపుచూపుగా వచ్చినదానిలా గట్టు మీద కూర్చునేదాన్ని, ఒక్కసారైనా నా చేతికి జల్లెడ ఇచ్చాడా అంది. ఇన్నేళ్లుగా మనసు అడుగున ఉండిపోయిన మాట అది. అన్నాక ఆవిడకే సిగ్గేసి, చేతిలో ముల్లంగి ఆకులు తుంపుతూ తల దించుకుంది.

నీళ్ల తొట్టిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"నేను దాంట్లో ఇంకేం పొయ్యలేదే," అంది జల్లెడక్క చివరికి, కోపం దిగిపోయిన గొంతుతో. "అన్నిట్లోకీ మంచిదే పోశాను. ఈ తోటలో దానికి చేసినంత సేవ ఏ మడికీ చెయ్యలేదు."

మంచిదంటే అని అడిగింది చెల్లెలు. ఇన్నేళ్లొచ్చాయి, ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసి జల్లెడక్క షెడ్డులోకెళ్లింది. గోడకి మూడు మేకులు, మూడు మేకులకి మూడు జల్లెడలు. మూడూ తెచ్చి చెల్లెలి ముందు వరసగా పెట్టింది. మొదటిది వెడల్పాటి కన్నాలది, వేలు దూరుతుంది. రెండోది శనగగింజ దూరేది. మూడోది చిన్నది, గుండ్రటిది, కర్ర చట్రం అరిగి నునుపుదేలింది, దాని వలలోంచి ఆవగింజ కూడా జారదు. నాన్న లెక్క ఒకటుండేది, మర్చిపోయావా అంది. ముతకది చెట్లకి, మధ్యది మార్కెట్టుకి, మెత్తనిది మనవాళ్లకి. మొదటి జల్లెడలో దిగనిది చెట్ల మొదళ్లలో వేస్తారు. రెండోదాంట్లో దిగినది, ఇంకా కొంచెం పుల్లా పీచూ ఉన్నది, అమ్మే మళ్లకి వేస్తారు. దాంట్లోంచి మళ్లీ మూడో జల్లెడలో పట్టగా అడుగున దిగేది ఉంటుందే, పొడి, కాటుకలాంటి పొడి, అది ఒక్క మూల మడికే పోస్తారు. ఆ మడి కూర ఏనాడూ అమ్మరు. ఇంట్లోవాళ్లే తింటారు. గంప ఎరువు గంటసేపు ఆడిస్తే దోసెడు పొడి రాలుతుంది. భుజాలు పడిపోతాయి. అయినా నాన్న ఒక్క ఏడూ మానలేదు, ఆయన తర్వాత తనూ మానలేదు అంది. చెప్తున్నంతసేపూ ఆవిడ మొహంలో గర్వం తొణికిసలాడింది.

చెల్లెలు మూడో జల్లెడ చేతిలోకి తీసుకుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని వలలోంచి చూసింది. చూస్తూ చూస్తూ మొహం పాలిపోయింది.

"ఇదే అక్కా," అంది. జల్లెడ అక్క చేతిలో పెట్టి మళ్లీ అంది. "ఇదే."

తర్వాత ఆవిడ చెప్పిందంతా జల్లెడక్కకి ఒక్కసారే అర్థం కాలేదు, మెల్లమెల్లగా అర్థమైంది. గాజుపెంకు కంటికి కనబడుతుంది, ఏరేస్తాం. మేకు చేతికి తగులుతుంది, తీసేస్తాం. గోడల మీంచి రాలిన పాత రంగు పెచ్చులు, ఇనుప సామాను తుప్పు, చెత్తలో చితికిన బ్యాటరీల లోపలి పొడి, రోడ్డు మీంచి ఇంట్లోకి కొట్టుకొచ్చి చీపురుకెక్కిన దుమ్ము, ఇవి కంటికి కనబడవు. ఇవన్నీ నుసి నుసై మెత్తటి పొడిలో చేరతాయి. ముతకదాంట్లో ఉండేది ఎక్కువగా పుల్లా, పీచూ. అంటే ఎంత సన్నగా జల్లిస్తే సీసం అంత చిక్కబడుతుంది. అది కుళ్లదు, ఆవిరవదు. వానకి కొట్టుకుపోయేదీ తక్కువే. ఏటా పోసింది పోసినట్టు ఆ మంచమంత మడిలో పేరుకుంటూ వచ్చింది. పాలకూర లాంటి ఆకుకూరలు సీసాన్ని కొంత, కాడ్మియాన్ని మరీ తేలిగ్గా పీల్చుకుంటాయి.

"మరి నాన్న చేసింది..." అని ఆగిపోయింది జల్లెడక్క.

నాన్న తప్పు కాదక్కా అంది చెల్లెలు. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఊళ్లో చెత్తంటే తొక్కలూ ఆకులే. ఇంటింటికీ ఇన్ని బ్యాటరీలెక్కడివి, ఇన్ని రంగులెక్కడివి. చెత్త మారింది, జల్లెడ మారలేదు. ఆ సంగతి కనిపెట్టాల్సింది మట్టి చదువు చదువుకున్న నేను. ప్రతి తోటకీ తిరిగి సలహాలిచ్చాను గానీ సొంత తోట మట్టి ఏనాడూ ల్యాబ్‌కి పట్టుకెళ్లలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మన పెరట్లో నేనూ అంతే అయ్యాను అంది.

జల్లెడక్క వింటోందో లేదో తెలియలేదు. ఆ చిన్న జల్లెడ చట్రం మీద అరిగిన చోట వేలు పెట్టి రాస్తోంది. అది నాన్న బొటనవేలు పెట్టే చోటు. ఇది మొదట అమ్మ పిండి జల్లెడ, తెలుసా నీకు, అంది నెమ్మదిగా. నువ్వు కడుపులో ఉన్నప్పటి సంగతి. అమ్మకి నెత్తురు లేదు, మొహమంతా తెల్లగా పాలిపోయింది, లేస్తే కళ్లు తిరిగేవి. మందులకి ఎంతెంత దూరాలో తిరిగాడు నాన్న. చివరికి ఆయన చేతిలో ఉన్నదేంటి, ఎరువేగా. వంటింట్లోంచి పిండి జల్లెడ ఎత్తుకొచ్చి, కూర్చుని, ఎరువుని పిండిలాగా పట్టి, తొట్టి వెనకాల ఈ మడి కట్టాడు. అమ్మ కోసమని పాలకూర వేశాడు. పిండి జల్లెడతో చెత్త పడతావా అని అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కూర మాత్రం తింది. నువ్వు పుట్టావు, బొద్దుగా. ఆ మడి నీ పేరు మీద కట్టిన మడేనే. నువ్వు హాస్టల్‌కి వెళ్లాక కూడా ప్రతివారం నీకొచ్చే కట్ట అందులోదే. జల్లెడ చేతికివ్వలేదన్నావే. అది పడితే నీ వేళ్లు పుళ్లు పడతాయని, రాసుకునే చెయ్యి కదా అని ఇవ్వలేదు అంది.

చెల్లెలు ఏడవడానికి కూడా కొంచెంసేపు పట్టింది. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మట్టి చేతులు, మొహమంతా చారలు పడ్డాయి. ఇన్నేళ్లూ ప్రతివారం వచ్చిన కట్ట అమ్మేశాక మిగిలినదనుకుంది ఆవిడ.

"అక్కా," అంది మొహం తుడుచుకుని, "నేనవి తినలేదే. మొదట్లో హాస్టల్‌లో వండుకునే వీల్లేదు. తర్వాత తీరిక లేదు. ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. అక్కడే వాడిపోయేవి."

జల్లెడక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎండనకా వాననకా పంపించిన కట్టలన్నీ ఫ్రిజ్‌లో వాడిపోయాయట. ఇంకో రోజైతే జన్మలో మాట్లాడేది కాదు. ఇవాళ మాత్రం చెల్లెలి తల నిమిరి, పోన్లే, తినకపోవడమే మేలైంది అంది. అంది గానీ ఆ మాట నోట్లోంచి వచ్చీ రావడంతోనే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చెల్లెలూ తలెత్తింది. ఇద్దరి చూపూ ఒకేసారి షెడ్డు గుమ్మం పక్కకి, తడిగుడ్డ చుట్టిన కట్ట మీదకి పోయింది.

అది ఎవరికి అని చెల్లెలు అడగలేదు, అడక్కుండానే తెలిసిపోయింది. ఎప్పటి నుంచి తింటోంది అని మాత్రం అడిగింది. కడుపు నిలిచిందని తెలిసిన రోజు నుంచీ అంది జల్లెడక్క. రోజూనా అంటే రోజూ. రెండు పూటలానా అంటే తల ఊపింది. నెత్తురు పడుతుందని చెప్పి నేనే బలవంతంగా తినిపించాను, వద్దంటే ముద్దలు కలిపి పెట్టాను అంది. సీసం తల్లి నెత్తుట్లోంచి బిడ్డకి కూడా చేరుతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, చెల్లెలి మొహంలోనే రాసి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు. ఇక్కడ ఆ ఆకులతోనే చేతులు కాలాయి. చెల్లెలు ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపి, భయపడకు, నెత్తురు పరీక్ష చేయిస్తే ఎంతుందో తెలుస్తుంది, ఇవాళే తీసుకెళ్దాం, ముందు ఆ కూర ఆపితే సగం గండం గడిచినట్టే, ఇంకెక్కడా లేదు కదా, ఈ ఒక్క మడే కదా అంది. ఈ ఒక్క మడే అంది జల్లెడక్క. ఆ మాట పట్టుకుని కాస్త ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే గేటు గొళ్లెం చప్పుడైంది.

బుజ్జి వచ్చింది. బుజ్జి వస్తే నిశ్శబ్దంగా రావడం ఉండదు. మెడలో కుట్టుపని టేపు వేలాడుతూనే ఉంది, ఎవరి గౌనో సగంలో వదిలేసి వచ్చినట్టుంది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చేతిలో చిన్న సంచీ. పిన్ని ఎప్పుడొచ్చింది, చెప్పనైనా లేదేం అంటూ, సమాధానం కోసం ఆగకుండా, అలవాటు ప్రకారం షెడ్డు గుమ్మం దగ్గర వంగి తడిగుడ్డ విప్పి, లేత ఆకు ఒకటి తుంపి నోట్లో పెట్టుకోబోయింది.

జల్లెడక్క ఎప్పుడు లేచిందో, ఎప్పుడు అక్కడికి చేరిందో చెల్లెలు కూడా చూడలేదు. చెయ్యి విసిరి కొట్టింది. ఆకు ఎగిరి మట్టిలో పడింది. పుట్టి బుద్ధెరిగాక తల్లి తన నోటి దగ్గర తిండి లాక్కోవడం బుజ్జి ఎరగదు. చెంప మీద కొట్టినా అంత నివ్వెరపోయేది కాదు. కాసేపు తల్లినీ, పిన్నినీ, మట్టి చారల మొహాలనీ మార్చి మార్చి చూసింది. తర్వాత తనకి తోచిన అర్థం తనే చెప్పుకుని నవ్వేసింది.

"షాపాయన మళ్లీ కూర అడిగాడా? అదా సంగతి. ఇది కూడా అమ్మకానికి కావాలా? చెప్పొచ్చుగా, కొట్టడమెందుకు. నాకేం కరువు, మా మేడ మీద బోలెడుంది."

ఏ మేడ మీద అంది జల్లెడక్క.

చెప్పకుండా దాచి ఒక్కసారిగా చూపిద్దామనుకుంది బుజ్జి. ఇక దాచలేక చెప్పేసింది. ఆ మధ్య షెడ్డులో మూల మడి కోసమని డబ్బాలో పోసి ఉంచిన మెత్తటి పొడి ఒక సంచీడు పట్టుకెళ్లిందట, అమ్మకి తెలిస్తే మోయొద్దని తిడుతుందని చెప్పలేదట. మేడ మీద కుండీలన్నిట్లోనూ అదే నింపి పాలకూర వేసిందట. అచ్చం మూల మడిలోలాగే వచ్చిందట. కింది పోర్షన్‌లో చంటిదానికి ఇప్పుడిప్పుడే మెత్తటి తిండి అలవాటు చేస్తున్నారు కదా, వాళ్లమ్మ అడిగితే రోజూ గుప్పెడు ఇస్తోందట. దానికి ఉడికించి, మెదిపి, పొద్దునా సాయంత్రం అదే పెడుతున్నారట. మెత్తనిది మనవాళ్లకి కదమ్మా, వాళ్లు మాత్రం మనవాళ్లు కారా అంది.

చెల్లెలు గోడ పట్టుకుని నిలబడింది. బుజ్జి అటు చూడలేదు. ఆ పిల్ల ధ్యాసంతా సంచీలోంచి తీస్తున్న పొట్లం మీద ఉంది. గౌనుకి తెచ్చిన జాలీ గుడ్డ మిగిలితే చట్రానికి బిగించి తనే ఒక జల్లెడ చేసిందట. మూడో జల్లెడలో దిగిన పొడిని మళ్లీ దాంట్లో పట్టిందట. నాలుగో జల్లెడ, తాతకి కూడా లేదు అంది. బిడ్డ పుట్టాక దాని పేరు మీద కొత్త మడి కట్టడానికని రోజూ కొంచెం కొంచెం పట్టి దాస్తోందట.

"చూడమ్మా," అంటూ పొట్లం విప్పి తల్లి అరచేతిలో పోసింది.

పొడి నల్లగా, చల్లగా, బరువే లేకుండా పడింది. జల్లెడక్క వద్దనుకుంది గానీ వేళ్లు ఆవిడ మాట వినలేదు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కలిసి దాన్ని నలిపాయి. అంత మెత్తటి ఎరువు ఆ తోటలో ఎవరూ ఎన్నడూ పట్టలేదు. నాన్న ఉంటే కళ్లు మూసుకునేవాడు. ఆయన మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

బుజ్జి ఊపిరి బిగబట్టి, కడుపు మీద చెయ్యి వేసుకుని, ఆ ఒక్క మాట కోసమే తల్లి మొహంలోకి చూస్తోంది.